మానం, గురుత్వం, ప్రమాణం: దేవాలయ భారాన్ని కొలిచిన చరిత్ర



సంస్కృతంలో 'మా' ధాతువుకు కొలుచుట అని అర్థం. మానం, పరిమాణం, ప్రమాణం, అనుమానం, ఉపమానం అనే పదాలన్నీ ఆ ఒక్క ధాతువు నుండి ఉద్భవించినవే. న్యాయశాస్త్రం తెలుసుకొనే జీవుణ్ణి ప్రమాత అనీ, తెలియదగిన వస్తువును ప్రమేయం అనీ, తెలుసుకొనే సాధనాన్ని ప్రమాణం అనీ, దానివల్ల కలిగే యథార్థజ్ఞానాన్ని ప్రమితి అనీ వ్యవహరిస్తుంది. శిల్పి చేతిలోని కొలకర్రకూ, నైయాయికుని ప్రత్యక్షానుమానాదులకూ ఒకే నామం లభించడం యాదృచ్ఛికం కాదు. మనకు తోచినదానిని పక్కనపెట్టి ఉన్నదానిని ఉన్నట్లు తెలియజేయడమే ఆ రెండింటి ధర్మం.

ఒక ఆలయం నిలబడాలంటే మూడు విషయాలు తెలియాలి. శిలల పొడవు, వెడల్పు, ఎత్తులు మొదటిది. వాటి బరువు రెండవది. ఆ బరువు క్రిందనున్న స్తంభం మీద, పునాది మీద, భూమి మీద ఎంత బలంతో ఒత్తుతున్నదనేది మూడవది. మొదటి రెండింటికీ మన పూర్వులు అతి ప్రాచీనకాలంలోనే నియతమైన మానాలను ఏర్పరచారు. మూడవదాని స్వరూపాన్ని దర్శనకారులు నిరూపించారు, స్థపతులు అనుభవంతో గ్రహించారు. కాని దానికి సంఖ్య ఏర్పడినది చాలా తరువాత. ఈ క్రమాన్ని ఉన్నది ఉన్నట్లుగా తెలుసుకోవడం జీర్ణాలయోద్ధరణకు పూనుకొనే ప్రతి భక్తునికీ అవసరం.

రజ్జువు నుండి అంగుళం వరకు

యజ్ఞవేదికలను కొలిచే విధిని చెప్పిన గ్రంథాలకు శుల్బసూత్రాలని పేరు. శుల్బమంటే త్రాడు. బౌధాయన శుల్బసూత్రం అంగుళంతో ఆరంభించి క్రమంగా పెద్ద మానాలకు వెళుతుంది. పన్నెండు అంగుళాలు ప్రాదేశం, రెండు ప్రాదేశాలు అరత్ని, ఐదు అరత్నులు పురుషం. అనగా పురుషమానం నూట ఇరవై అంగుళాలు. అగ్నిచయనంలో యజమాని చేతులు పైకెత్తి నిలిచినప్పటి ఎత్తునే పురుషమానంగా గ్రహిస్తారు. శ్యేనచితికి ప్రథమ చయనంలో ఏడున్నర చదరపు పురుషాల వైశాల్యం విహితం. పొరకు రెండువందల చొప్పున ఐదు పొరలలో వేయి ఇష్టకలు పేరుస్తారు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. యజమాని శరీరాన్నే మానంగా గ్రహించినప్పుడు యజమాని మారితే మానం మారుతుంది. యజ్ఞానికి అది దోషం కాదు, గుణమే. ఆ వేదిక ఆ యజమానికి మాత్రమే సంబంధించినది. ఐతే పదిమంది శిల్పులు పదిచోట్ల చెక్కిన శిలలు ఒకచోట చేరి అతుక్కోవాలంటే వ్యక్తిని బట్టి మారని మానం కావాలి. అందుకే బౌధాయనుడు అంగుళాన్ని ముప్పైనాలుగు నువ్వుగింజలను పక్కపక్కన పేర్చిన పొడవుగా కూడా నిర్వచించాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం పరమాణువుతో ప్రారంభించి, ఎనిమిదేసి రెట్లు పెంచుతూ, ఎనిమిది యవమధ్యాలు ఒక అంగుళమని నిర్ణయించింది. ఇరవైనాలుగు అంగుళాలు అరత్ని, నాలుగు అరత్నులు దండం. బాటలనూ ప్రాకారాలనూ కొలవడానికి నూట ఎనిమిది అంగుళాల ధనుస్సును, కోటలలో పనిచేసే వడ్రంగులకు నలభైరెండు అంగుళాల కిష్కువును అది వేరుగా విధించింది. ఏ పనికి ఏ కర్ర అనేది శాస్త్రమే తేల్చి చెప్పింది.

శిల్పశాస్త్రాలు అంగుళాన్ని మరల మూడు విధాలుగా విభజించాయి. యవలతో ఏర్పడే మానాంగుళం భవనానికి, యజమాని లేక ఆచార్యుని వ్రేలితో ఏర్పడే మాత్రాంగుళం యాగోపకరణాలకు, బింబం ఎత్తును తాళమానం ప్రకారం విభజించగా వచ్చే దేహాంగుళం విగ్రహానికి. ఉత్తమ దశతాళంలో బింబం ఎత్తు నూట ఇరవైనాలుగు దేహాంగుళాలు. బింబం జానెడైనా, నిలువెత్తైనా ఆ సంఖ్య మారదు, అంగుళమే మారుతుంది.

ఈ వివేకం నేడు ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ చాలు. తెలుగునాట వాడుకలో అంగుళమంటే ఇంచు, అనగా 25.4 మిల్లీమీటర్లు. మూరకు పద్దెనిమిది ఇంచులని లెక్క. ఆ మూరలోనే శాస్త్రోక్తమైన అంగుళాలు ఇరవైనాలుగు ఉంటాయి. కాబట్టి శాస్త్రాంగుళం ఇంచులో ముప్పాతిక వంతు, సుమారు 19 మిల్లీమీటర్లు. గ్రంథంలో నూట ఇరవై అంగుళాలని చదివి, టేపుతో నూట ఇరవై ఇంచులు కొలిచిన మేస్త్రి చేతిలో ఆ నిర్మాణం మూడవ వంతు పెరిగిపోతుంది. పదం ఒకటే, ప్రమాణం వేరు. అనర్థానికి బీజం అక్కడే పడుతుంది.

స్వామి పేరు గల తూకపు రాయి

తులామానం విషయంలో కౌటిల్యుని దృష్టి మరింత నిశితమైనది. ఐదు గురిగింజల ఎత్తు సువర్ణమాషం, పదహారు మాషాలు కర్షం, నాలుగు కర్షాలు పలం, నూరు పలాలు తుల, ఇరవై తులలు భారం. తూకపు రాళ్ళను ఇనుముతో గాని, మగధ మేకల పర్వతాల శిలలతో గాని చేయాలనీ, లేదా తడిసినా బరువు పెరగక, వేడెక్కినా తరగని ద్రవ్యంతో చేయాలనీ ఆయన నియమించాడు. మానానికి ఆధారమైన వస్తువు స్వయంగా వికారం చెందకూడదన్నదే దీనిలోని తాత్పర్యం. మనుస్మృతి ప్రతి ఆరు మాసాలకూ తూకాలనూ కొలతలనూ పరీక్షించడం రాజధర్మంగా విధించింది.

చోళదేశంలో ఈ ధర్మం దేవాలయంలోకే ప్రవేశించింది. రాజరాజచోళుడు నిర్మించిన తంజావూరు బృహదీశ్వరాలయం 1010లో పూర్తయింది. అక్కడి శాసనాలలో స్వామికి సమర్పించిన బంగారాన్ని 'ఆడవల్లాన్' అనే రాతితోనూ, ఆభరణాలను 'దక్షిణమేరువిటంకన్' అనే రాతితోనూ తూచినట్లు స్పష్టంగా ఉన్నది. ఆడవల్లాన్ అంటే నాట్యనిపుణుడు, నటరాజస్వామి. తూకపు రాయికి సాక్షాత్తు స్వామి నామమే పెట్టారు. ఆ రాయిని మోసగించడం స్వామిని మోసగించడమే అన్న భావన ప్రజల మనస్సులో నాటుకొనడానికి ఇంతకంటె సులభమైన మార్గం లేదు. తమిళదేశంలో కొన్ని ఆలయాల గోడలపై కొలకర్ర పొడవును గీతలుగా చెక్కి ఉంచడం కూడా ఇట్టిదే. వివాదం వచ్చినప్పుడు ఎవరైనా వచ్చి సరిచూసుకోవచ్చు.

గురుత్వం: గుణం తెలిసింది, సంఖ్య తెలియలేదు

బరువైన వస్తువు ఎందుకు క్రింద పడుతుందన్న ప్రశ్నను వైశేషికదర్శనం సూటిగా స్వీకరించింది. కణాదుడు పతనానికి గురుత్వం కారణమనీ, సంయోగం లేనప్పుడు ఆ పతనం జరుగుతుందనీ సూత్రించాడు. ప్రశస్తపాదుడు ఇరవైనాలుగు గుణాలలో గురుత్వాన్ని ఒకటిగా పరిగణించి, అది పృథివీ జలాలలో ఉంటుందనీ, కంటికి కనబడదనీ, పతనమనే క్రియనుబట్టి అనుమానించదగినదనీ వివరించాడు. సంయోగం, ప్రయత్నం, సంస్కారం గురుత్వానికి ప్రతిబంధకాలు.

ఈ సిద్ధాంతాన్ని స్తంభం మీద నిలిచిన దూలానికి అన్వయిస్తే విషయం స్పష్టమవుతుంది. దూలంలో గురుత్వం సదా ఉన్నది. అది పడకపోవడానికి కారణం స్తంభంతో సంయోగం. ఆ సంయోగం చెదిరిన క్షణంలో పతనం తప్పదు. గోడలో పగులు ఏర్పడడమంటే సంయోగం శిథిలమవుతున్నదని అర్థం. నేటి ఇంజనీరు భారం, ప్రతిచర్య అని రెండు బాణాలు గీసి చెప్పే సమతాస్థితిని వైశేషికులు గుణప్రతిబంధక భాషలో చెప్పారు.

ఐతే సత్యాన్ని మించి చెప్పడం శాస్త్రానికి సేవ కాదు. వైశేషికులు గురుత్వాన్ని గుణంగా నిరూపించారే గాని, ఒక చదరపు అంగుళం మీద ఎంత బలం పనిచేస్తున్నదో లెక్కించే మానాన్ని ఏర్పరచలేదు. వారి ప్రయోజనం పదార్థతత్త్వజ్ఞానం, తద్ద్వారా నిఃశ్రేయసం. ప్రాచీనులకు న్యూటన్ మానం తెలుసునని నేడు ఎవరైనా చెప్పినట్లైతే, అది పూర్వులకు లేనిదానిని అంటగట్టి, ఉన్న గొప్పదనాన్ని మరుగుపరచడమే అవుతుంది.

అనుపాతం, దాని అవధి

సంఖ్య లేకుండానే స్థపతులు అంత ఎత్తైన విమానాలను ఎట్లా నిలిపారు? అనుపాతం చేత. స్తంభం ఎత్తుకు దాని మందం ఎంత వంతు ఉండాలి, అధిష్ఠానానికి గోడ, గోడకు శిఖరం ఎంత ఉండాలి అనే నియమాలను మయమతం, మానసారం వంటి గ్రంథాలు విధించాయి. తరతరాలుగా నిలిచినదానిని అనుసరించి, కూలినదానిని వర్జించి ఏర్పడిన నియమాలవి.

వాటి ఔచిత్యాన్ని నేటి లెక్కతో పరీక్షించవచ్చు. ఒక ఘనపు మీటరు నల్లరాయి బరువు సుమారు 2,650 కిలోలు. అరవై మీటర్ల ఎత్తున నిటారుగా రాయిని పేర్చినట్లైతే అడుగున ప్రతి చదరపు మీటరు మీద సుమారు 1,560 కిలోన్యూటన్ల బలం పడుతుంది. అంటే ఒక చదరపు మిల్లీమీటరుకు 1.56 న్యూటన్లు. మంచి నల్లరాయి ఒక చదరపు మిల్లీమీటరుకు నూరు న్యూటన్లకు పైగా సహిస్తుంది. కాబట్టి రాయికి ఆ భారం లెక్కలోనిది కాదు. లెక్కలోనిది భూమి. గట్టి ముతక ఇసుకనేల చదరపు మీటరుకు సుమారు 440 కిలోన్యూటన్లు, మెత్తని బంకనేల సుమారు 100 కిలోన్యూటన్లు మాత్రమే క్షేమంగా మోయగలవు. పైకి పోయేకొద్దీ సన్నబడే పిరమిడ్ ఆకారంలో కట్టినప్పుడు అదే ఎత్తుకు అడుగున పడే సగటు బలం మూడవ వంతుకు తగ్గుతుంది. లోపల బోలుగా ఉంటే ఇంకా తగ్గుతుంది. విమానం క్రింద విశాలంగా, పైన కృశంగా ఉండడం మేరుపర్వతానికి ప్రతీక మాత్రమే కాదు, భూమి మీద దయ కూడా.

ఓరుగల్లు సీమలో ఇంకొక ఉపాయం కనిపిస్తుంది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మింపజేసిన రామప్ప దేవాలయానికి 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు లభించింది. ఆ ఆలయ శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలుతాయి. తేలుతాయంటే వాటి బరువు ఘనపు మీటరుకు వేయి కిలోలకు లోపు. సాధారణమైన ఇటుక సుమారు 1,600 నుండి 1,900 కిలోలు ఉంటుంది. శిఖరభారాన్ని ఇంచుమించు సగానికి తగ్గించిన ఆ స్థపతికి న్యూటన్ తెలియదు. గురుత్వం తెలుసు.

అనుపాతానికి ఒక అవధి ఉన్నది. దానిని 1638లో ఇటలీకి చెందిన గెలీలియో తన చివరి గ్రంథంలో నిరూపించాడు. ఒక కట్టడాన్ని అన్ని కొలతలలోనూ రెట్టింపు చేస్తే దాని అడుగు వైశాల్యం నాలుగు రెట్లు పెరుగుతుంది, బరువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. కాబట్టి ప్రతి చదరపు అడుగు మీద పడే బలం రెండు రెట్లవుతుంది. అనుపాతం చెక్కుచెదరలేదు, ఐనా కట్టడం కూలవచ్చు. పూర్వనిర్మాణానికి సమానమైన పరిమాణంలో కట్టినంతకాలం అనుపాతమే ప్రమాణం. దానిని మించి కట్టదలచినవారికి బలాన్ని కొలిచే మానం అనివార్యం.

కిలోగ్రాము, న్యూటన్

ఆ మానానికి ఆధారం 1687లో న్యూటన్ ప్రకటించిన గ్రంథంలో ఉన్నది. బలం వస్తువు గమనాన్ని మారుస్తుంది. ఆ మార్పునుబట్టి బలాన్ని కొలవవచ్చు. ఇక్కడ కూడా బలం ప్రత్యక్షం కాదు, క్రియనుబట్టి అనుమేయం. ఒక కిలోగ్రాము ద్రవ్యరాశికి సెకనుకు సెకనుకు ఒక మీటరు త్వరణం కలిగించే బలం ఒక న్యూటన్. ఆ పేరు 1948లో అంతర్జాతీయంగా నిశ్చితమైనది. భూమి ఒక కిలోగ్రామును సుమారు 9.81 న్యూటన్ల బలంతో ఆకర్షిస్తుంది. అరచేతిలో నూరు గ్రాముల కలకండ ముక్కను ఉంచుకొంటే ఆ చేతికి తెలిసే బరువు దాదాపు ఒక న్యూటన్.

కిలోగ్రాము వస్తువులోని ద్రవ్యరాశి. న్యూటన్ ఆ రాశి మీద పనిచేసే బలం. ద్రవ్యం వేరు, గుణం వేరు అని వైశేషికం చదివిన విద్యార్థికి ఈ భేదం కొత్త కాదు. పాశ్చాత్య దేశాలలో కూడా ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచే అలవాటు ఎంతగా ఉండేదంటే, కిలోగ్రాము ద్రవ్యరాశికి మానమనీ, భారం బలజాతికి చెందినదనీ 1901లో అంతర్జాతీయ సమావేశం ప్రత్యేకంగా ప్రకటించవలసి వచ్చింది.

కిలోగ్రాముకు 1889 నుండి ఫ్రాన్సులో భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం లోహపు ముద్ద ఆధారంగా ఉండేది. తడికి పెరగక, వేడికి తరగని ద్రవ్యమన్న కౌటిల్యుని నియమానికి అది దూరపు బంధువు. ఐనా దానితో సమానంగా చేసిన ప్రతులతో పోల్చినప్పుడు కాలక్రమేణ అతిస్వల్పమైన తేడాలు కనిపించాయి. చివరకు 2019 మే 20 నుండి ఆ ముద్దను విడిచి, ప్లాంక్ స్థిరాంకమనే ప్రకృతినియమాన్ని ఆధారం చేసుకొన్నారు. యజమాని శరీరం నుండి నువ్వుగింజకు, నువ్వుగింజ నుండి లోహానికి, లోహం నుండి అవికారమైన నియమానికి సాగిన ఈ యాత్ర నామరూపాలను దాటి నిత్యమైనదానిని వెదకడం వంటిదే.

మణుగు మారిన కాలం

భారతదేశంలో ఈ మార్పు సులభంగా జరగలేదు. తెలుగుసీమతో కూడిన మద్రాసు రాజధానిలో మణుగుకు ఎనిమిది వీసెలు, అంటే ఇరవై ఐదు పౌన్లు, సుమారు 11.3 కిలోలు. బెంగాలు మణుగు సుమారు 37.3 కిలోలు. పేరు ఒకటే, బరువు మూడు రెట్ల పైమాట. ఇరవై మణుగులు ఒక బారువ. ఇరవై తులలు భారమన్న కౌటిల్యుని లెక్క అందులో ఇంకా వినిపిస్తుంది. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూనికలు అమలులోకి రావడం మొదలైంది.

నిర్మాణశాస్త్రంలో మరొక మెట్టు మిగిలింది. కాంక్రీట్ నిర్మాణానికి జాతీయప్రమాణమైన ఐ.ఎస్. 456 గ్రంథం 1964 నాటి ప్రతిలో కాంక్రీట్ బలాన్ని చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలని చెప్పేది. ఎం.150 అంటే నూట యాభై కిలోలు. 1978 నాటి ప్రతి దానిని చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని మార్చింది. ఇంచుమించు అదే కాంక్రీట్ ఎం.15 అయింది. కాంక్రీట్ మారలేదు, దానిని చెప్పే భాష మారింది. పాత పటంలోని సంఖ్యను కొత్త మానంగా చదివినా, కొత్త సంఖ్యను పాత మానంగా చదివినా పదిరెట్ల పొరపాటు జరుగుతుంది. ఆలయాలలో యాభై అరవై ఏళ్ళ క్రిందట కట్టిన మండపాల పటాలను తిరగవేసేటప్పుడు సంఖ్య పక్కన ఏ మానం ఉన్నదో చూడకుండా ముందుకు సాగడం అజ్ఞానమే.

భక్తుల ప్రాణాలు, భగవంతుని గృహం

శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం దాదాపు ఐదువందల సంవత్సరాలు నిలిచి, 2010 మే 26న కూలిపోయింది. ఆ వార్త విన్న భక్తులు కన్నీరు పెట్టారు. క్రొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. ఆ ఘటన అన్ని ఆలయాలకూ ఒక ఉపదేశం. గోపురం మౌనంగా ఉన్నంతమాత్రాన గురుత్వం నిద్రపోదు. పగులు కనబడినప్పుడు దానికి సున్నం పూసి రంగు వేయడం లోపాన్ని దాచడమే. పగులు వెడల్పును నెలనెలా కొలిచి, తేదీతో సహా వ్రాసి ఉంచి, నిపుణునికి చూపడం ప్రమాణబుద్ధి.

మరొక విషయం ఉన్నది. ఉత్సవదినాలలో మండపం కప్పు మీదికి, మెట్ల మీదికి భక్తులు క్రిక్కిరిసి చేరుతారు. జనసమ్మర్దం ఉండే అంతస్తులకు చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్ల భారాన్ని లెక్కలోకి తీసుకోవాలని భారతీయ ప్రమాణగ్రంథం ఐ.ఎస్. 875 నిర్దేశిస్తుంది. ఒక చదరపు మీటరులో డెబ్బై కిలోల బరువు గల ఏడుగురు నిలిచినట్లైతే ఇంచుమించు అంతే అవుతుంది. ప్రాచీన శిలామండపాన్ని కట్టిన స్థపతి దాని కప్పు మీద జనం నిలవాలని ఉద్దేశించలేదు. ఆ కప్పు మీద కాంక్రీట్ గది కట్టించి, నీళ్ళతొట్టె పెట్టించి, దానిని స్వామిసేవగా భావించే దాత భక్తి నిర్మలమైనదే కావచ్చు. ఆయనకు చెప్పవలసినది ఒకటే: ఒక ఘనపు మీటరు నీరు వేయి కిలోలు, దాదాపు పది కిలోన్యూటన్లు. శతాబ్దాల నాటి దూలానికి ఆ భక్తి తెలియదు. ఆ బరువు మాత్రమే తెలుస్తుంది.

జీర్ణోద్ధరణలో ఆగమజ్ఞుడు, స్థపతి, ఇంజనీరు ముగ్గురూ అవసరమని ఈ చరిత్ర మొత్తం చెబుతున్నది. ఆగమజ్ఞుడు లేకపోతే కట్టడం మిగులుతుంది గాని ఆలయం మిగలదు. స్థపతి లేకపోతే అనుపాతం చెడుతుంది. బలాన్ని సంఖ్యగా చెప్పగల ఇంజనీరు లేకపోతే ఆ రెండూ ఒకనాడు మట్టిలో కలుస్తాయి. ఒకరి ప్రమాణాన్ని మరొకరు తృణీకరించడం ప్రత్యక్షం గొప్పదా, అనుమానం గొప్పదా అని కలహించడం వంటిది. ఏ ప్రమేయానికి ఏ ప్రమాణం తగినదో ఎరగడమే శాస్త్రజ్ఞుని లక్షణం.

విష్ణుసహస్రనామాలలో అప్రమేయ అనే నామం ఉన్నది. ఏ ప్రమాణానికీ అందనివాడని అర్థం. ఐనా ఆ స్వామి మనయందలి కరుణచేత నూట ఇరవైనాలుగు అంగుళాల బింబంలో, కొలిచి చెక్కిన శిలల మధ్య, కొలిచి తవ్విన పునాది మీద వేంచేసి ఉన్నాడు. కొలతకు అందనివాడు కొలతకు లోబడిన గృహాన్ని స్వీకరించినప్పుడు, ఆ గృహాన్ని సరిగా కొలవడం కూడా ఆరాధనలో భాగమే అవుతుంది.

స్వస్తి.